అరువిచ్చిన ట్రాము

అక్టోబర్ 9

నటి దౌలత్ హానిమ్ ఆత్మకథ మూడో ముద్రణకి వెళుతోందట. నాజీ పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏమ్మా నీడా! నీ నీడ కైరో అంతా పరుచుకుంది. జనానికి ఎండ తగలట్లేదు" అని తన జోకుకి తనే నవ్వాడు. ఏదైనా అడగబోయే ముందే ప్రచురణకర్తలు ఇలా నవ్వుతారు.

అడిగాడు. ఒక ఫుట్‌బాల్ కోచ్ జీవితం రాయాలి, వేసవికల్లా. "ఆయనకి కాళ్ళున్నాయి, కప్పులున్నాయి, మాటలే లేవు. ఆ ఒక్కటీ నువ్వు తగిలించు."

సరే అన్నాను. ఎప్పుడు కాదన్నాను కనుక!

నాలుగేళ్ళ కిందట షుబ్రాలో ఒక ప్రైవేటు బళ్ళో వ్యాకరణం చెప్పేదాన్ని. ఇప్పుడు ఒక నటి, ఒక గుండె డాక్టరు, ఒక గాయకుడు, ఒక టైల్స్ ఫ్యాక్టరీ యజమాని నా వేళ్ళ చివర్ల నుంచి మళ్ళీ పుట్టారు. వాళ్ళ పుస్తకాలు నేను రాశానని ఎక్కడా అనకూడదు, అది ఒప్పందం. అందుకే అమ్మ లెక్కలో నేను నాజీ దగ్గర అచ్చుతప్పులు దిద్దుతాను. "కళ్ళు పోతాయే" అంటుంది. లిఫ్టున్న ఇంటికి మారింది అచ్చుతప్పుల పుణ్యమేనని నిజంగా నమ్ముతోందో లేదో నేను అడగలేదు.

అక్టోబర్ 13

దౌలత్ హానిమ్ సంతకాల సభ. నాజీ ఆనవాయితీ ప్రకారం నేనూ అందరిలా పుస్తకం కొని వరసలో నిలబడ్డాను. రాసిన నీడ పాఠకురాలిలా రావాలి. రచయిత తలెత్తి "పేరేంటమ్మా?" అనాలి. నీడ చెప్పాలి. ఆ క్షణంలో నాజీ గోడవారగా నిలబడి ఇద్దరి ముఖాలూ చూస్తాడు. నోరు జారే నీడ అక్కడే తెలిసిపోతుందంటాడు.

నెలల తరబడి నా ఎదురుగా కూర్చుని తన మొగుళ్ళందరినీ నాకు అప్పజెప్పిన మనిషి, డెబ్బై దాటిన కనుబొమ్మలు సుతారంగా ఎత్తి "పేరేంటమ్మా?" అంది. నటి అంటే నటే.

"అబీర్."

"ఎంత చక్కటి పేరు!"

రాసింది: 'అబీర్‌కి, పరిచయం లేని స్నేహంతో.'

అక్టోబర్ 20

మిర్వత్ గారు నా నవల తీసుకున్నారు!

నా నవల. నా పేరుతో. ఆవిడది చిన్న సంస్థ, ఏడాదికి నాలుగైదు పుస్తకాలకి మించి వెయ్యదు. కానీ ఆవిడ వేసిందంటే చదవాల్సినవాళ్ళు చదువుతారు. "మొదటి అధ్యాయం చదివి కుర్చీలోంచి లేచి నిలబడ్డానమ్మాయ్. ఆ ట్రాము! ఆ తల్లి! జనవరిలో పుస్తకాల సంతకి తెద్దాం" అంది. ఫోన్ పెట్టేశాక వంటింట్లోకి వెళ్ళి, ఎందుకెళ్ళానో మర్చిపోయి, ఒక టమాటా కడిగి మళ్ళీ బుట్టలో పెట్టి వచ్చాను.

నాజీకి చెప్పలేదు. నీడకి పేరుంటే పనికిరాదన్నది ఆయన మాట.

ట్రాము అధ్యాయం సంగతి ఒకటి ఆలోచించాలి. రేపు.

అక్టోబర్ 21

ఆలోచించలేదు.

అక్టోబర్ 24

సాయంత్రం టీవీలో దౌలత్ హానిమ్. అమ్మ సోఫాలో కాళ్ళు ముడుచుకుని మొలొఖియా ఆకు దూస్తోంది. నేను పక్క గదిలోకి పోవలసింది. పోలేదు. నా వాక్యాల్ని ఆవిడ ఎక్కడ విరుస్తుందో చూడాలన్న దురద.

అమ్మ గురించి చెప్పమన్నాడు యాంకరు. ఆవిడ చేతి గాజు ఒకసారి తిప్పుకుంది.

"నాకప్పుడు ఆరేళ్ళు. అమ్మ తన పెళ్ళినాటి తెల్ల చెప్పులు తొడుక్కుని నన్ను ట్రామెక్కించింది. ఈ చివరి నుంచి ఆ చివరికి, ఆ చివరి నుంచి ఈ చివరికి, రోజంతా. పొట్లంలో తిర్మిస్ గింజలు. స్టాపుకొకటి, తొక్క ఒలిచి నా నోట్లో పెట్టేది. బిగుతుగా ఉందని ఒక చెప్పు విప్పేస్తే, ట్రాము ఊగినప్పుడల్లా అది సీట్ల కింద అటూ ఇటూ జారిపోయేది. నేను ఒకటే నవ్వు! పండగనుకున్నాను. మా నాన్న సామాను పట్టుకుపోవడానికి వచ్చిన రోజది. అది నా కంట పడకూడదని తిప్పిందట. పెద్దయ్యాక తెలిసింది. అంతే మరి."

యాంకరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అమ్మ చేతిలో ఆకు కాడ అలాగే ఉండిపోయింది. కాసేపటికి "పాపం, ఆవిడా ట్రామెక్కిందన్నమాట" అంది. గిన్నె పట్టుకుని లేచి వెళ్ళింది.

అమ్మకి తట్టలేదు. ఆ రోజుల్లో అందరూ ట్రాములెక్కినవాళ్ళే.

అక్టోబర్ 25

ఎక్కడా రాయలేను కనుక ఇక్కడ రాసుకుంటాను. తల్లి ఊసెత్తితే చాలు, దౌలత్ హానిమ్ "టేపు ఆపు" అనేది. "అక్కడ నువ్వే ఏదో ఒకటి పెట్టు" అంది చివరికి. పెట్టాను. నా పద్ధతే అది. క్లయింటు బతుకులో చప్పగా ఉన్నచోట నా ఇంట్లోంచి చిన్న తాళింపు. మా నాన్న కోటుకుండే నాఫ్తలీన్ వాసన గుండె డాక్టరుకిచ్చాను. పిల్లులంటే నాకున్న భయం గాయకుడికిచ్చాను. ఎవరూ తిరిగివ్వలేదు, నేనూ అడగలేదు. దౌలత్ హానిమ్‌కి ట్రాము ఇచ్చాను. నా నవల అప్పటికి సొరుగులో ఉంది. అది ఎవరు వేస్తారులే అనుకున్నాను. ముసలి నటి పుస్తకం ఎవరు చదువుతారులే అని కూడా అనుకున్నాను.

రెండూ తప్పే.

అమ్మకి తట్టలేదు.

నవంబర్ 2

మిర్వత్ గారు రమ్మన్నారు. బల్ల మీద దౌలత్ హానిమ్ పుస్తకం, పక్కన నా రాతప్రతి. రెండింట్లోనూ ఒకేచోట పసుపు చీటీలు.

"కూర్చోమ్మా. ఇది చదువు. ఇప్పుడిది చదువు."

చదివినట్టు చూశాను.

"తెల్ల చెప్పు, గింజలు, ట్రాము. నీ కళ్ళ ముందు జరిగిందన్నావు నాతో."

"జరిగిందండీ."

"మరి ఈవిడ కళ్ళ ముందు కూడా జరిగిందా? పైగా ఈ పుస్తకం ముందొచ్చింది." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచితే బాగుండు. "నాకు పేరున్న దొంగలు తెలుసు. నువ్వు పేరు రాకముందే మొదలుపెట్టావు. నెలాఖరుకి ప్రెస్సుకి పంపాలి. ఆలోగా నమ్మదగ్గ సమాధానం ఒకటి తీసుకురా. లేకపోతే రాతప్రతి తీసుకుపో. ఎందుకు వెయ్యలేదని ఎవరడిగినా నేను అబద్ధం చెప్పను."

నేను రాశానండీ అది, రెండూ నేనే రాశాను, ఆ అమ్మ నా అమ్మ! నాలుక కింద దాకా వచ్చింది. ఒప్పందం మీద పెట్టిన నా సంతకం గుర్తొచ్చి అక్కడే ఆగింది.

"తీసుకొస్తానండీ" అన్నాను.

నవంబర్ 4

నాజీ ఆఫీసు. నవల సంగతి చెప్పక తప్పలేదు. కోప్పడతాడనుకున్నాను. టీ తెప్పించాడు. దాంతో ఇంకా భయం వేసింది.

"ఆ మిర్వత్‌తో నువ్వు ఒక్క ముక్క అంటే ఏమవుతుందో తెలుసా? దౌలత్ హానిమ్ ఒక్కతే కాదు. డాక్టరు, గాయకుడు, టైల్సాయన... అందరి పుస్తకాలూ విప్పి చూస్తారు జనం. అందరూ నీ మీదే పడతారు. ముందు నేనే పడతాను."

"మీరు ఆవిడకి ఫోన్ చేసి, అబీర్ దొంగ కాదు అని ఒక్క మాట..."

"ఎలా తెలుసంటే ఏం చెప్పను? ఆ అధ్యాయం పీకి అవతల పారెయ్. అలాంటివి బోలెడు పుట్టిస్తావుగా."

"అది పుట్టించింది కాదు నాజీ గారూ."

గ్లాసు కింద పెట్టి నావైపు నిజంగా జాలిగా చూశాడు. "అదే నువ్వు చేసిన బుద్ధితక్కువ పని. ఈ వృత్తిలో అబద్ధాలు అమ్ముకోవాలి తల్లీ. ఇంట్లోవి ఎవరమ్మా అమ్ముతారు?"

నవంబర్ 6

అధ్యాయం తీసేసి చూశాను. మిగిలిందాన్ని చదివితే ఎవరో పరాయి మనిషికి నేను రాసిచ్చినట్టుంది. బాగుంది. నాది కాదు.

నవంబర్ 9

చెప్పకుండా జమాలెక్‌లో దౌలత్ హానిమ్ ఇంటికి వెళ్ళాను. రంగు లేని ముఖంతో, ఇంటి గౌనులో తలుపు తీసింది. అలా ఆవిడ ఎవరికో పిన్నిలా ఉంటుంది.

"రా తల్లీ. కోచ్‌ని పట్టావటగా? వాడి ముక్కు సంగతి రాయి, మూడుసార్లు చెక్కించుకున్నాడు."

నవ్వలేకపోయాను. నిలబడే చెప్పాను. మిర్వత్ గారికి మీరొక్కసారి ఫోన్ చెయ్యండి. ట్రాము కథ అబీర్ దగ్గర విన్నాను, ముచ్చటపడి వాడుకున్నాను అనండి చాలు. పుస్తకం రాసింది నేనని చెప్పక్కర్లేదు.

"ఏ ట్రాము కథ?"

"మీ అమ్మగారి... ట్రాము."

"అది నా కథ కదే."

చిరునవ్వు వస్తుందేమోనని చూశాను. రాలేదు.

"హానిమ్, ఆవిడ మా అమ్మ. షుబ్రాలో ఉంది. పొద్దున నాకు రొట్టె కాల్చి పెట్టింది."

ఆవిడ కుర్చీలో కూలబడింది. "తెలుసులే" అంది. "మా అమ్మ నన్ను తంతా ఊళ్ళో మా మేనత్త గుమ్మంలో కూర్చోబెట్టింది. నీ బట్టలు మర్చిపోయా, పట్టుకొస్తానని వెళ్ళింది. ఇంకా పట్టుకొస్తూనే ఉంది."

నేను కూర్చున్నాను.

"ఇన్నేళ్ళూ అమ్మ లేకుండానే నెట్టుకొచ్చాను. ఇప్పుడు కూరగాయల బజార్లో ఆడవాళ్ళు నన్ను ఆపి, మీ అమ్మ కడుపు చల్లగా ఉండాలి అంటున్నారు. ఆ మాట వినడం కోసమే బజారుకి పోతున్నానంటే నమ్ముతావా? ఇప్పుడు నువ్వొచ్చి నన్ను ట్రాము దిగమంటున్నావు." నా చెయ్యి పట్టుకుంది. వేళ్ళు చల్లగా ఉన్నాయి. నటన కాదు. నటనైతే బాగుండును. "నీకు అమ్మ ఇంట్లోనే ఉందిగా. ఇంకోటి రాసుకో."

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లు దిగాను.

నవంబర్ 14

అమ్మ గ్లాసులు కడుగుతోంది. నేను తుడుస్తున్నాను. వెనక్కి తిరక్కుండానే అంది:

"ఆ నటికి చెప్పింది నువ్వేగా?"

"ఎవరికి?"

"నా దగ్గర నాటకాలొద్దు. ఆ చెప్పు సంగతి ఈ లోకంలో ఇద్దరికే తెలుసు. నేను చెప్పలేదు."

గ్లాసు తుడుస్తూనే ఉన్నాను. అచ్చుతప్పుల అబద్ధం నుంచి దౌలత్ హానిమ్ మేనత్త గుమ్మం దాకా అంతా చెప్పేశాను. అమ్మ మధ్యలో ఒక్కసారే ఆపింది. "గుమ్మంలో కూర్చోబెట్టి పోయిందా?" అని.

తర్వాత, "అయినా తప్పు చెప్పావు" అంది.

"ఏది తప్పు?"

"మీ నాన్న సామాను కోసం వచ్చిన రోజు కాదు అది. ఆయన అంతకు ముందెప్పుడో ఒక్క సంచీతో పోయాడు. పట్టుకుపోవడానికి ఇంట్లో ఏముందని?"

"నువ్వే కదా చెప్పావు?"

"నేనెప్పుడు చెప్పాను? నువ్వే అనుకున్నావు. కాదనలేదంతే."

"మరి రోజంతా ఎందుకు తిప్పావు?"

అమ్మ కుళాయి కట్టేసింది.

"కువైట్‌లో కుట్టుపని కుదిరింది. ఆ రాత్రికే విమానం. నిన్ను ఫౌజియా దగ్గర వదిలేసి అటునుంచటే పోదామని." ఫౌజియా అంటే పెద్దమ్మ. ట్రాము చివరి స్టాపు దగ్గరే వాళ్ళిల్లు, విమానాశ్రయానికి అడుగు దూరం. "పెట్టె ముందురోజే పంపించేశా. ఎన్నేళ్ళకొస్తానో తెలీదు. అసలు రావాలనుందో లేదో కూడా తెలీదు, నిజం చెప్పాలంటే. కాళ్ళకున్న మంచి చెప్పులు అవొక్కటే. అందుకే పెళ్ళి చెప్పులు."

"దిగలేదుగా."

"మొదటిసారి చెప్పు కనపడలేదని దిగలేదనుకున్నా. నేను వెతుకుతుంటే బండి మళ్ళీ కదిలింది." చేతులు గౌనుకి తుడుచుకుంది. "రెండోసారి చెప్పు కాలికే ఉంది."

నవంబర్ 15

అమ్మతో మాట్లాడలేదు. నా పండగ రోజు ఆవిడ పారిపోవడానికి బయల్దేరిన రోజు. నా జీవితంలో నాదనుకున్న ఒకే ఒక్క రోజు కూడా ఎవరో రాసిచ్చినట్టే ఉంది. రాసింది నేనే.

నవంబర్ 16

పొట్లం అయిపోయేసరికి దిగాలని అమ్మ తనకి తను గడువు పెట్టుకునుంటుంది. అందుకే స్టాపుకొకటి.

నవంబర్ 18

"అమ్మా, రాయనా?"

"ఏం రాస్తావు?"

"మొన్న చెప్పింది."

"ఆవిడకిచ్చేముందు అడిగావా?"

"లేదు."

"ఇప్పుడెందుకు అడుగుతున్నావు?"

"అప్పుడు నాదనుకున్నాను."

వంకాయలు చక్రాలుగా కోసింది. "ఆవిడ తల్లిని దీవిస్తున్నారన్నావు. నన్ను?"

"కొందరు తిడతారు."

"ఊఁ. కింద వాటాలో అబ్బాస్ పెళ్ళాం అయితే మెట్ల మీద నిలబెట్టి మరీ తిడుతుంది." వంకాయల మీద ఉప్పు జల్లింది. "ఆలోచించుకోనీ."

వద్దంటే రాతప్రతి వెనక్కి తెచ్చేసుకుంటాను. కోచ్ ఉన్నాడు. నాకేం తక్కువ. బాగానే ఉన్నాను.

నవంబర్ 21

అమ్మ ఏమీ అనలేదు.

నవంబర్ 22

అమ్మ ఏమీ అనలేదు. మిర్వత్ గారి నుంచి ఒక ముక్క: 'ఎదురుచూస్తున్నాను.'

నవంబర్ 23

పొద్దున టీ నా ముందు పెట్టి, "రాయి" అంది. "ఆవిడ టీవీలో కుడికాలు చూపించింది. ఎడమకాలి చెప్పు. అదైనా సరిగ్గా రాయి."

నవంబర్ 27

తిరగరాసిన ట్రాము అధ్యాయం మిర్వత్ గారు నా ఎదురుగానే చదివారు. కిటికీ కింద హారన్లు. మధ్యలో ఒకసారి కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

"దౌలత్ హానిమ్ తల్లి దేవత" అన్నారు చివరికి. "ఈ తల్లి పిల్లని వదిలేసి పోబోయిన మనిషి. ఎత్తుకొచ్చిన సరుక్కి ఎవరైనా మెరుగు పెడతారు. ఇలా మరక చూపించరు." కాగితాలు సర్ది, వాటిమీద చెయ్యి పెట్టారు. "నువ్వు ఏం పని చేసి బతుకుతావో నేను అడగను. నువ్వు చెప్పకు. సరేనా?"

"సరేనండీ."

"పేరు పూర్తిగా ఎలా రాయమంటావు?"

కాగితం మీద రాసిచ్చాను.

డిసెంబర్ 19

మిర్వత్ గారి కొత్త పుస్తకాల జాబితా బయటికొచ్చింది. నాజీ ఫోన్.

"నీడకి పేరు మొలిచిందట!"

"ఒప్పందం మీరలేదు నేను."

"మీరలేదు. అందుకే మర్యాదగా మాట్లాడుతున్నా. కోచ్ వేరే మనిషిని చూసుకుంటున్నాడు. డాక్టరు రెండో పుస్తకం కూడా లేదనుకో. నీకోసం నువ్వొక ముక్క దాచుకుంటావని తెలిశాక, తమ బతుకు ఎవరిస్తారమ్మా నీ చేతికి?" ఫోన్ పెట్టేముందు అన్నాడు: "సంతలో దౌలత్ హానిమ్ మళ్ళీ సంతకాలు పెడుతుంది. వరసలోకి రా. చివరిసారి."

నా ముఖం చూడాలి ఆయనకి. చూసుకోనీ.

చేతిలో ఇప్పుడు పని ఏదీ లేదు. భయం లేదు. ఉంది.

జనవరి 26

వరసలో నేను నిలబడలేదు. అమ్మ నిలబడింది. నేను పక్కన ఉన్నాను. గోడవారగా నాజీ, చేతులు కట్టుకుని.

దౌలత్ హానిమ్ కనుబొమ్మలెత్తి "పేరేంటమ్మా?" అంది. అప్పుడు నన్ను చూసింది. మళ్ళీ అమ్మని చూసింది. కలం ఆగింది.

"ఇహ్సాన్" అంది అమ్మ. వెనకవాళ్ళకి వినపడకుండా బల్ల మీదికి వంగింది. "నేనూ వదిలేద్దామనే ఎక్కానమ్మా ఆ ట్రాము. దిగలేకపోయానంతే. మీ అమ్మ దిగింది. ఆవిడవీ కాళ్ళేగా, వణకకుండా ఉంటాయా?"

దౌలత్ హానిమ్ తల దించుకుని చాలాసేపు రాసింది. నాజీ మెడ సాచాడు. ముఖాల్లో ఆయనకి ఏం కనపడిందో తెలీదు. నాకైతే ఇద్దరు పెద్దవాళ్ళు కనపడ్డారు, ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా.

బయటికొచ్చాక పుస్తకం తెరిచాను. 'ట్రాము దిగని ఇహ్సాన్‌కి. కొన్నాళ్ళు నాకూ అమ్మవయ్యావు.'

"చదివి పెట్టు" అంది అమ్మ, తనకి చదవడం వచ్చినా. చదివాను. పుస్తకం సంచీలో పెట్టుకుని "ఎడమకాలని చెప్పడం మర్చిపోయా" అంది.

మిర్వత్ గారి దుకాణంలో నా బల్ల ముందు నలుగురైదుగురు ఉన్నారు. చివర్న అమ్మ, అందరిలాగే పుస్తకం కొనుక్కుని.

"పేరేంటమ్మా?" అన్నాను.

"నీ మొహం. రాయి."

ఇహ్సాన్ అని రాశాను. కింద నా పేరు పెట్టాను. అలవాటు లేక అక్షరాలు వంకర తిరిగాయి.